కలివికోడి ఉందా? – ఒక పక్షి, ఒక చిట్టడవి, ఒక పాత ప్రశ్న

కృష్ణా డెల్టాలో పెరిగినవాళ్లకు పక్షులంటే ముందుగా నీటి పక్షులే గుర్తొస్తాయి. కొల్లేటి గూడబాతులు, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల నిండా గూళ్లు కట్టే కొంగలు, నాట్ల వేళ మడిలో నాగలి వెంటో ట్రాక్టరు వెంటో నడిచే తెల్లకొంగలు. నీరున్న చోటే ప్రాణం ఉంటుందని నమ్మే నేల ఇది. మన రాష్ట్రానికి ప్రపంచ పక్షిశాస్త్రంలో ప్రత్యేక స్థానం తెచ్చిన పక్షికి మాత్రం ఈ నీటితో సంబంధం లేదు. కడప జిల్లా లంకమల కొండల అంచున, తుమ్మ, రేగు, కలివి పొదల మధ్య రాతినేల మీద, చీకటి పడ్డాక తిరిగే పక్షి అది. ఊళ్లో దాన్ని కలివికోడి అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్. గత నలభై ఏళ్లలో అది ఆంధ్రప్రదేశ్‌లో తప్ప భూమి మీద మరెక్కడా రూఢిగా నమోదు కాలేదు.

ఈ పక్షి గురించి శాస్త్రజ్ఞులు, అటవీ శాఖ, న్యాయస్థానాలు, పక్షి ప్రేమికులు వేసుకున్న ప్రశ్నలన్నీ చివరికి ఒక్కచోటికే చేరతాయి: అది ఉందా? ఉంటే ఎక్కడ? ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? నూట డెబ్బై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులను వరసగా పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కలివికోడిని గుర్తుపట్టడం ఎంత కష్టమైందో, దాని ఇంటిని గుర్తుపట్టడంలో మనం చేసిన ఆలస్యం అంతకన్నా ఎక్కువ నష్టం చేసింది.

పోలికలు

కలివికోడి పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు. కౌజుపిట్ట కన్నా కాస్త చిన్నది, కాళ్లు మాత్రం పొడవు. ఒంటి పైభాగం మట్టిరంగు. నడినెత్తి ముదురు గోధుమ, దాని మధ్యలో సన్నటి లేత గీత. కంటి మీదుగా మెడ వెనక వరకు వెడల్పాటి తెల్లటి కనుబొమ గీత. గొంతు కింద ఇటుకరంగు మచ్చ. ఆ మచ్చ కింద వరసగా తెల్ల పట్టీ, వెడల్పాటి గోధుమ పట్టీ, మళ్లీ తెల్ల పట్టీ, సన్నటి గోధుమ పట్టీ, ఆ తర్వాత తెల్లటి పొట్ట. ఎదపై ఉన్న ఈ రెండు గోధుమ పట్టీలే అసలు గుర్తు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ పెట్టిన శాస్త్రీయ నామంలోనూ వాటి ప్రస్తావనే ఉంది. ముక్కు పొట్టిది, మొదలు దగ్గర పసుపు, కొసన నలుపు. కాళ్లు లేత పసుపు. ఎగిరినప్పుడు నల్లటి రెక్కల కొసల దగ్గర తెల్లమచ్చ, నల్లటి తోక కనబడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనవి కళ్లు. తలతో పోలిస్తే అవి పెద్దవి. పగలు తిరిగే పక్షికి అంత పెద్ద కళ్లు అక్కర్లేదు. ఇది రాత్రించర పక్షి అని ఆ కళ్లే చెబుతున్నాయి. అయినా ఈ సంగతి రూఢి కావడానికి ఒకటిన్నర శతాబ్దం దాకా పట్టింది.

కోర్సర్లు చాలావరకు ఎడారుల్లో, పొడి మైదానాల్లో నేల మీద పరుగెత్తి బతికే పక్షులు. సహారా, అరేబియా ఇసుకల్లో ఉండే లేత ఇసుకరంగు కోర్సర్ చలికాలంలో రాజస్థాన్, కచ్ ఎడారులకు వస్తుంది. కలివికోడికి దగ్గరి చుట్టాలు మాత్రం ఆఫ్రికాలో ఉన్నాయి. రైనోప్టిలస్ అనే ప్రజాతిలో మిగతావన్నీ ఆ ఖండానివే. ఆసియాలో ఇదొక్కటే. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి మన ద్వీపకల్పం దాకా విస్తరించిన పొడి నేలల జీవకోటికి తూర్పు కొసన మిగిలిన ప్రతినిధిగా దీన్ని చూడవచ్చు. ఈ కుటుంబంలోని మరో శాఖ విజయవాడకు దగ్గరలోనే ఉంది. పెద్ద నదుల్లో నీరు తగ్గినప్పుడు బయటపడే ఇసుకదిబ్బల మీద గుడ్లు పెట్టే చిన్న ప్రాటింకోల్ కలివికోడికి దూరపు దాయాది. నేల రంగులో కలిసిపోయే గుణం ఈ కుటుంబమంతటికీ ఉంది.

ఎక్కడ పొరబడతాం

మెట్ట ప్రాంతంలో కలివికోడి అని పొరబడే అవకాశం ఉన్న పక్షులు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది ఇండియన్ కోర్సర్. ఇది పగటి పక్షి. దున్ని వదిలేసిన చేలల్లో, రాళ్ల బీళ్లలో చిన్న గుంపుగా తిరుగుతుంది. నాలుగడుగులు పరుగెత్తి ఆగి, ఒక్కసారి వంగి పురుగును ముక్కున కరుచుకుని నిలబడుతుంది. నెత్తి ఇటుకరంగు, కంటి మీదుగా నల్లగీత, దానిపై తెల్లగీత, ఎద నారింజ వన్నె, పొట్ట మధ్యన నలుపు, కాళ్లు తెలుపు. ఎదపై పట్టీలు ఉండవు. చెట్టూ చేమా లేని బయలే దీనికి కావాలి. పొదల మధ్య ఉండే కలివికోడికీ దీనికీ తేడా ఆ నివాసంలోనే తెలిసిపోతుంది.

రెండోది తీతువు. ఎర్రతోలు తీతువు, పసుపుతోలు తీతువు రెండూ ఇక్కడివే. మెట్టలో పసుపుతోలుదే హెచ్చు. నల్లటి టోపీ, ముక్కు పక్కన వేలాడే పసుపు తోలు, పొడవాటి పసుపు కాళ్లు. పగలైనా రాత్రైనా అలికిడి వినగానే అరుస్తుంది కాబట్టి చూసినవాళ్లు పొరబడరు. ఇబ్బంది వచ్చేది మట్టిలో అడుగుజాడల్ని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చినప్పుడే. మూడో పక్షి రాత్రిళ్లు దీర్ఘంగా కూతపెట్టే థిక్‌నీ. పెద్ద పసుపు కళ్లు, ఒళ్లంతా చారలు, కలివికోడి కన్నా బాగా పెద్దది. నాలుగోది నైట్‌జార్. రాత్రి మట్టిరోడ్డు మీద కూర్చుని, దీపం పడగానే కళ్లు మెరిసే పక్షుల్లో ఎక్కువ భాగం ఇవే. కాళ్లు పొట్టివి, నేలకు కరుచుకుని కూర్చుంటాయి. కలివికోడి అయితే పొడవాటి కాళ్ల మీద నిటారుగా నిలబడుతుంది.

గుర్తుపట్టడం ఇంత వివరంగా ఎందుకంటే, ఇక్కడ తప్పు జరిగితే అది డైరీలో ఒక పొరపాటుగా మిగిలిపోదు. లేని చోట ఉందని రాస్తే వెతుకులాట దారి తప్పుతుంది. ఉన్న చోట లేదని రాస్తే ఆ నేల క్వారీకో కాలువకో పోతుంది.

1848 నుంచి 1986 దాకా

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన కాలంలో యానాదుల దగ్గర నుంచి అడవి గురించి ఎంతో తెలుసుకున్నాడు. తూర్పు కనుమల్లో, నెల్లూరు, కడప ప్రాంతాల్లో ఈ పక్షిని గమనించింది అతడే. భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్ ఆ తర్వాత గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం వైపు దీన్ని నమోదు చేశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూసినట్టు రాశాడు. తర్వాత నిశ్శబ్దం. గోదావరి నుంచి పెన్న దాకా చెదురుమదురుగా ఉన్న పక్షి ఇరవయ్యో శతాబ్దంలో పుస్తకాల్లోంచి జారిపోయింది. 1970ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, మరికొన్ని సంస్థలు కలిసి వెతికినా దొరకలేదు.

అన్వేషణ విఫలమవడానికి ఒక ముఖ్య కారణం పగలు వెతకడం. పగటి పక్షి అనే ఊహను ఎవరూ ప్రశ్నించలేదు. 1980ల మధ్యలో సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చినప్పుడు పద్ధతి మారింది. పక్షి బొమ్మను ఊరూరా చూపి, వేటకు వెళ్లేవాళ్లను, కాపరులను అడిగారు. రాత్రి దీపం పట్టుకుని అడవిలో తిరిగేవాళ్లకు ఈ పక్షి తెలుసు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానికుడు రాత్రిపూట ఒక కలివికోడిని పట్టుకున్నాడు. 86 ఏళ్ల తర్వాత అది తిరిగి శాస్త్ర ప్రపంచానికి కనబడింది. ఆ పక్షి ఎక్కువ కాలం బతకలేదు. దాని చర్మం సొసైటీ సంగ్రహంలో ఉంది.

ఈ ఘట్టాన్ని తరచు పునరావిష్కరణ అని రాస్తారు. శాస్త్రానికి అది పునరావిష్కరణే. రెడ్డిపల్లి చుట్టుపక్కల రాత్రి అడవి తెలిసినవాళ్లకు ఆ పక్షి ఎప్పుడూ పోలేదు. 1840ల్లో జెర్డాన్‌కు స్థానికుల జ్ఞానం తోడుపడింది. 1986లోనూ అదే తోడుపడింది. మధ్యలో ఉన్న శూన్యం పక్షిది కాదు, వాళ్లను అడగని మనది.

ఆ శూన్యానికి 2013లో మరో సవరణ వచ్చింది. స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ జంతు సంగ్రహాలయంలో ఉన్న ఒక గుడ్డు కలివికోడిదేనని అలన్ నాక్స్ బృందం డీఎన్‌ఏ పరీక్షతో నిర్ధారించింది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్యుడు దాన్ని సేకరించాడు. అంటే 86 ఏళ్ల శూన్యం నిజానికి 69 ఏళ్లే. పక్షి పరిధి కర్ణాటక దాకా ఉందన్న సంగతీ తేలింది. ఇప్పటిదాకా గుర్తించిన కలివికోడి గుడ్డు ఇదొక్కటే. గూడు ఎలా పెడుతుందో, పిల్లల్ని ఎలా పెంచుతుందో శాస్త్రీయంగా రాసిపెట్టిన వివరం లేదు.

జాడ, కూత, కెమెరా

1986 తర్వాత మొదటి పదిహేనేళ్లు పరిశోధన నెమ్మదిగా సాగింది. టార్చి పట్టుకుని రాత్రంతా నడిచినా పక్షి కనబడటం అదృష్టం మీద ఆధారపడేది. 2000 తర్వాత సొసైటీ పరిశోధకుడు పి. జగన్నాథన్, ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం, రాయల్ సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ శాస్త్రజ్ఞులతో కలిసి కొత్త పద్ధతి తయారుచేశాడు. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి సమం చేస్తారు. రాత్రి ఆ దారిన నడిచిన ప్రతి జీవీ అడుగు వదిలిపోతుంది. తెల్లవారాక వచ్చి కొలతలు తీసుకుంటారు.

కలివికోడి పాదానికి ముందుకు మూడే వేళ్లు, వెనక వేలు లేదు. కౌజు, పూరేడు జాడల్లో వెనక వేలి గుర్తు పడే అవకాశం ఉంది కాబట్టి వాటిని వేరు చేయవచ్చు. పసుపుతోలు తీతువు, ఇండియన్ కోర్సర్, థిక్‌నీలకూ మూడే వేళ్లు. అక్కడే వేళ్ల పొడవు, వాటి మధ్య దూరం జాగ్రత్తగా కొలవాలి. జాడ ఎవరిదో నిర్ధారించుకోవడానికి పట్టీల పక్కనే తనంతట తాను ఫొటో తీసే కెమెరాలు అమర్చారు. చూడకుండానే పక్షి ఉనికిని రుజువు చేయవచ్చని తేలింది.

రెండో మలుపు కూత. 2000ల మొదట్లో కూతను తొలిసారి రికార్డు చేశారు. సెకనుకు ఒకటి చొప్పున, తుంచినట్టు రెండేసి స్వరాలు, వరసగా కొన్నిసార్లు. సూర్యుడు అస్తమించిన 45, 50 నిమిషాలకు మొదలై, కొద్ది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా వినబడుతుంది. తెల్లవారుజామున మరోసారి వినబడవచ్చు. ఆ కాస్త సమయం దాటితే అడవి మళ్లీ నైట్‌జార్లది, థిక్‌నీలది అయిపోతుంది.

కూత తెలియడం గొప్ప మేలు. అయితే దానికో పరిమితి ఉంది. ఇరవై నిమిషాల్లో ఒక మనిషి ఒక చోటే నిలబడి వినగలడు. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. దాని బయట ఉన్న చిట్టడవి అదనం. రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు రాబట్టే పద్ధతి కొంత సాయపడుతుంది. కానీ మారుకూత రాకపోతే పక్షి లేదని కాదు, ఆ సాయంత్రం పలకలేదని మాత్రమే. పదేపదే కూత వినిపిస్తే మిగిలిన కొద్ది పక్షులు బెదిరి చోటు వదలవచ్చు. అందుకే ఈ పద్ధతి పరిశోధకుల చేతుల్లో, అనుమతితో, లెక్కగా వాడాల్సినది. ఫొటో కోసం వచ్చే సందర్శకులు వాడాల్సింది కాదు.

ఎలాంటి చోటు కావాలి

జాడల పరిశోధన ఇచ్చిన అసలు కానుక పక్షి లెక్క కాదు, ఇంటి లెక్క. 2004లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్న చోట కలివికోడి జాడ పడే అవకాశం ఎక్కువ. అంటే పొదలూ ఉండాలి, పొదల మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేలా ఉండాలి. మరీ దట్టమైనా ఉండదు, మరీ బయలైనా ఉండదు.

ఈ సమతూకం సున్నితమైనది. వంటచెరకు కోసం పెద్ద పొదల్ని కొట్టేస్తే నేల బయలవుతుంది. మంద అతిగా మేసినా అంతే. పూర్తిగా కంచె వేసి మనుషుల్నీ మేకల్నీ దూరం పెడితే చిన్న పొదలు అల్లుకుని ఖాళీ మూసుకుపోవచ్చు. అడవి అనగానే చెట్లు నాటాలి, దట్టం చేయాలి అనుకునే అలవాటు ఈ పక్షికి మేలు చేయదు. చిట్టడవి అంటే పాడైపోయిన అడవి అనే భావన మన అటవీ ఆలోచనలో లోతుగా ఉంది. లంకమల అంచున మాత్రం అది తనకు తానే సంపూర్ణమైన నివాసం. చెదలు, చీమలు, పురుగులు ఏరుకుని తినే ఒక పక్షి అక్కడ యుగాలుగా బతుకుతోంది.

ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 1991, 2000 మధ్య లంకమల పరిసరాలను పోల్చిన మరో అధ్యయనం, ఆ కాలంలో చిట్టడవి 11 నుంచి 15 శాతం తగ్గిందని, సాగుభూమి రెట్టింపుకు పైగా పెరిగిందని తేల్చింది. పక్షిని వెతికే పని సాగుతుండగానే దాని ఇల్లు కరిగిపోతూ వచ్చింది.

నీటి కథ

ఇక్కడే ఈ కథ కృష్ణా డెల్టాతో ముడిపడుతుంది. కలివికోడికి శాస్త్రం పేరు పెట్టిన 1848 తర్వాత ఏడేళ్లకు, 1855 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీరు డెల్టాను అన్నపూర్ణను చేసింది. తిండి పెట్టిన ఆ నీటికి తెలుగువారు ఎంత రుణపడినా తక్కువే. దాంతోపాటే ఒక విలువల పట్టిక కూడా స్థిరపడింది. నీరు పారే నేల విలువైనది, పారని నేల నీటి కోసం ఎదురుచూస్తున్నది. రెవెన్యూ రికార్డుల్లో ఆ ఎదురుచూపు బంజరుగా నమోదైంది. కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ కోసం హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థ తయారుచేసిన వ్యర్థభూముల పటాల్లో పొదల నేలలు కూడా ఒక తరగతిగా చేరాయి. కలివికోడి ఇల్లు ప్రభుత్వ పటంలో వ్యర్థభూమి.

1983లో మొదలైన తెలుగుగంగ పథకం శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసుకు చేర్చేది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీలు ఇవ్వాలన్న ఒప్పందం అది. ఆ కాలువ లంకమల చిట్టడవి మీదుగా సాగింది. నీరు వచ్చిన చోట తోటలు, తోటల వెంట దారులు, దారుల వెంట కట్టెల బళ్లు వచ్చాయి. కరువు సీమ రైతు నీరు కోరడం న్యాయం. ఈ వ్యాసం ఆ న్యాయాన్ని ప్రశ్నించడం లేదు. కాలువను ఏ దారిన తీసుకెళ్లాలన్నదే అసలు ప్రశ్న.

2005లో కలివికోడి జాడలున్న ప్రాంతంలో కాలువ తవ్వకం మొదలైన సంగతి పరిశోధకుల దృష్టికి వచ్చింది. సొసైటీ అభ్యంతరం చెప్పింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. పని ఆగింది, కాలువ దారి మార్చారు, పక్షి నివాసం కోసం భూమి సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. దేశంలో ఒక చిన్న రాత్రి పక్షి కోసం ఇంత పెద్ద కాలువ మలుపు తిరగడం అరుదు. ఈ విజయాన్ని సాధ్యం చేసింది మట్టిపట్టీల మీద పడిన అడుగులే. ఫలానా చోట పక్షి ఉందని పటం మీద వేలు పెట్టి చూపగలిగారు కాబట్టి చట్టం కదిలింది.

ఇదే విజయంలో ఒక బలహీనతా ఉంది. రుజువు ఉన్న చోటే రక్షణ అయితే, రుజువు దొరకని రోజు ఏమవుతుంది?

నిశ్శబ్దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి

ఆ రోజు త్వరగానే వచ్చింది. 2000ల చివరి తర్వాత పదేళ్లకు పైగా కలివికోడి రూఢిగా ఎవరికీ కనబడలేదు, వినబడలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. ఎదిగిన పక్షులు 50 నుంచి 249 మధ్య ఉండవచ్చన్నది అంచనా. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటుంది. 1988లో తపాలా బిళ్ల మీద కూడా ఇది కనబడింది. అయినా అడవిలో కనబడలేదు.

దీనికి మూడు వివరణలు వినిపిస్తాయి. ఒకటి, పక్షి అంతరించింది. రెండు, మనుషుల అలికిడి వల్ల చోటు మార్చింది. మూడు, వెతుకులాటే తగ్గింది. మూడోదానికి బలమైన కారణం ఉంది. లంకమల, శేషాచలం కొండలు ఎర్రచందనానికి పుట్టిల్లు. స్మగ్లింగు పెరిగిన కొద్దీ రాత్రిపూట అడవిలో తిరగడం ప్రమాదకరమైంది, అనుమతులు కఠినమయ్యాయి. రాత్రి మాత్రమే పలికే పక్షిని రాత్రి వెళ్లలేని అడవిలో వెతకాలి. అలాంటి పరిస్థితిలో వచ్చిన నిశ్శబ్దాన్ని అంతరించిపోవడానికి రుజువుగా తీసుకోలేం.

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో కొందరు పక్షి పరిశీలకులు కలివికోడి కూతను రికార్డు చేసినట్టు ప్రకటించడం ఈ వాదనకు ఊపిరి పోసింది. ఒక కూతతో జనాభా తెలియదు, గూళ్లు పెడుతున్నాయో లేదో తెలియదు. మొదటి వివరణను మాత్రం అది బలంగా వెనక్కు నెడుతుంది.

మూడు వివరణల్లో నాకు సరైనదిగా తోచేది రెండో, మూడో వాటి కలయిక. చిట్టడవి ముక్కలైంది, పక్షులు పలచబడి చెదిరాయి, అదే సమయంలో వినే చెవులు తగ్గాయి. దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన ఉదాహరణ రోళ్లపాడు. కర్నూలు ప్రాంతంలోని ఆ గడ్డి మైదానంలో బట్టమేకపిట్ట ఉండేది. మీటరు ఎత్తు, పట్టపగలు బయలులో తిరిగే పక్షి. దాన్ని గుర్తుపట్టడంలో ఏ చిక్కూ లేదు. 1988లో అభయారణ్యం ప్రకటించారు. అయినా అక్కడ అది దాదాపు కనుమరుగైంది. పక్షి కళ్లెదుట ఉన్నంతమాత్రాన నివాసం నిలవదన్నది రోళ్లపాడు చెప్పే పాఠం. నివాసం నిలిస్తే కనబడని పక్షి కూడా బతకగలదన్న ఆశ లంకమల ఇస్తోంది.

ఇక చేయాల్సింది

ఈ చరిత్ర అంతటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగు పనులు తప్పనిసరి అనిపిస్తాయి.

మొదటిది, చెవుల సంఖ్య పెంచడం. నెలల తరబడి చెట్టుకు కట్టి ఉంచితే సంధ్యా సమయాలన్నిటినీ నమోదు చేసే చిన్న రికార్డర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఒకే సాయంత్రం వందచోట్ల వినగలగడం 2000ల్లో లేని సౌకర్యం. అటవీ శాఖ దీన్ని ఏటా జరిగే పనిగా మార్చాలి, ఎవరో సంస్థ నిధులు ఇచ్చినప్పుడు చేసే పనిగా వదిలేయకూడదు.

రెండోది, పాత పరిధిని మళ్లీ చూడటం. భద్రాచలం, అనంతపురం, నెల్లూరు కొండల అంచులు, కోలారు వైపు పొదల నేలలు ఇవన్నీ పాత నమోదుల్లో ఉన్నవే. కడప చుట్టూనే వెతికితే కడపలోనే దొరుకుతుంది.

మూడోది, స్థానికుల్ని ప్రశ్నల దగ్గర ఆపకుండా పనిలో భాగస్థుల్ని చేయడం. 1986 తర్వాత వచ్చిన ప్రతి మంచి ఫలితం వెనక దారి చూపినవాళ్లు, మట్టి పరిచినవాళ్లు, జాడ చదివినవాళ్లు ఉన్నారు. కాపరులకు, యానాదులకు, ఒకప్పుడు ఉచ్చులు పన్నినవాళ్లకు స్థిరమైన జీతంతో ఈ పని అప్పగించాలి. మేత ఎంత, కట్టెలు ఎంత అన్న నిర్ణయం కూడా వాళ్లతో కూర్చుని చేస్తేనే హెక్టారుకు ఇన్ని పొదలన్న సమతూకం నిలుస్తుంది.

నాలుగోది, అన్నిటికన్నా మూలమైనది: పక్షి రుజువు చూపేదాకా ఆగకుండా చిట్టడవికే రక్షణ ఇవ్వడం. ఏ నేలలో పొదల సాంద్రత, నేల వాలు, ఖాళీల తీరు కలివికోడికి తగినట్టు ఉన్నాయో ఉపగ్రహ చిత్రాలతో గుర్తించవచ్చని పరిశోధన ఇప్పటికే చూపింది. ఆ నేలలన్నిటినీ వ్యర్థభూముల జాబితా నుంచి తీసి, నివాస భూములుగా నమోదు చేయాలి. కాలువ, క్వారీ, సౌర విద్యుత్ క్షేత్రం ఏది రావాలన్నా ముందు ఒక సంవత్సరం పాటు రాత్రి సర్వే జరగాలి. లేదని రుజువు చేసే భారం ఆ నేలను తవ్వాలనుకునేవారి మీద ఉండాలి. ఉందని రుజువు చేసే భారం చీకట్లో ఇరవై నిమిషాలు పలికే పక్షి మీద పెట్టకూడదు.

విజయవాడ నుంచి ఇదంతా దూరంగా అనిపించవచ్చు. అయితే మన ఊరికి వాయవ్యంగా కొండపల్లి, మైలవరం, ఇంకా పైకి నందిగామ, జగ్గయ్యపేట దాకా మెట్ట ఉంది, పొదల గుట్టలు ఉన్నాయి. పక్షులు చూసే అలవాటున్న యువకులు కొల్లేరుకు వెళ్లినంత ఇష్టంగా ఈ గుట్టలకూ వెళ్లాలి. ఇండియన్ కోర్సర్‌నూ పసుపుతోలు తీతువునూ వేరు చేయడం, మట్టిలో మూడు వేళ్ల జాడను కొలవడం, సంధ్యవేళ కూతల్ని రాసుకోవడం అక్కడే నేర్చుకోవచ్చు. ఇలా నేర్చినవాళ్లు జిల్లాకు పదిమంది ఉన్నా, ఎక్కడ ఏ పొదల నేల పోతోందో చెప్పగల సాక్షులు మనకు ఉంటారు.

శ్రీశైలం దగ్గర ఒకే కృష్ణ నీరు రెండు దారులు పడుతుంది. ఒకటి మన పొలాలకు వస్తుంది, మరొకటి కలివికోడి ఇంటి పక్కనుంచి సాగుతుంది. నీటి వల్ల బాగుపడిన డెల్టావాళ్లకు నీరు లేని నేల విలువ గురించి మాట్లాడే బాధ్యత ఇతరుల కన్నా ఎక్కువ. మెట్ట భూమిని దాని మెట్టతనంతోనే గౌరవించగలిగితే కలివికోడి ఉందా అన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా దానికి నిలువ నీడ ఉంటుంది. ఆ నేల పోయాక దొరికే జవాబు ఎవరికీ పనికిరాదు.